అమ్మ ఇనడానికొచ్చిన సినిమా

గోరంట్లలో మేము నలుగురైదుగురం కలిసి ఏడాదికొకసారి పొట్టి సినిమాల పండగ చేస్తాం. టికెట్టు లేదు, లాభం లేదు. పిల్లోళ్లు, ముసలోళ్లు ఒకే జంపఖానా మీద కూర్చోని, మొగం తిప్పుకోకుండా చూడగలిగే సినిమాలే వేస్తాం. "ఏమప్పా, మీకు వేరే పనే లేదా?" అని ఊర్లో అడగనోడు లేడు. లేదప్పా, లేదు! బడి ఆవరణలో తెర కట్టి, వచ్చినోళ్లకు బొరుగులు పంచుతాంటే ఉండే సంతోషం మాకే తెలుసు.

ఈ తూరి మాత్రం నాకు ఆ సంతోషం లేదు. వేసే సినిమాల్లో ఒకటి మా నాయనది.

పోయినేడు పండగకొచ్చిన ఒక డైరెక్టరు, వెనక వరసలో కూర్చున్న నాయనను చూసి, గొర్ల కాపరి వేషం వెయ్యమని వెంటపడినాడు. "వేషమేంది, నేను గొర్లు కాసేటోన్నే గదప్పా" అని నాయన నవ్వినాడు. మా చేని గట్ల మీదే తీసినారు. ఆ సినిమాలో నాయన గొర్లు తోలుకోని ఇంటికొచ్చి, వాకిట్లో నిలబడి, "ఏమ్మే, సంగటైందా?" అని పెండ్లాన్ని పిలవాల. ఇంట్లో అమ్మను దినామూ పిలిచే పిలుపే అది. "సినిమాలో గూడా నీకి తిండి గోలేనా?" అని అమ్మ ఎగతాళి చేసింది.

సినిమా పూర్తి కాకముందే నాయన పోయినాడు. చెనిక్కాయ చేన్లో కూలబడినోడు మల్ల లేయలే.

ఫోటోలు ఉండాయి. గొంతు మాత్రం యాడా లేదు. ఫోనంటే నాయనకు పడదు, "ఆ, సరే" అని నా చేతికిచ్చేటోడు. ఆ గొంతు దాచిపెట్టుకోవాలని మాకు యానాడూ తట్టలే. మనిషి కండ్ల ముందర ఉన్నప్పుడు ఎవురికి తడుతుంది? అందుకే అమ్మ ఆ సినిమా కోసం కాచుకోనుండాది. "ఆ ఒక్క పిలుపు ఇంటే చాలు పాపా" అని ఎన్ని తూర్లు అనిందో! అమ్మతో పాటే చూడాలని నేను గూడా దాన్ని ముందుగా చూడలే.

పండగ నాడు అందరికంటే ముందే వచ్చి స్పీకరు పక్కన కూర్చుంది. "ఆడినుంచి తెర సరిగ్గా కనపడదు మా, నడిమికి రా" అన్నా.

"మొగం నాకు గుర్తుండాది లే" అనింది.

నాయన తెర మీదికొచ్చినాడు. అదే తలగుడ్డ, అదే కుంటు నడక. వాకిట్లో నిలబడి నోరు తెరిచినాడు. "ఏమే, భోజనం వడ్డిస్తావా?"

ఎవురిదో గొంతు. వార్తలు చదివేటోని మాదిరి నున్నగా. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇదెవురు పాపా?" అనింది అమ్మ, నా చెయ్యి పట్టుకోని.

విసురుగా వెనక్కి పోయి డైరెక్టరును నిలదీసినా. "మా నాయన గొంతు యాడప్పా?" అతను తల దించుకున్నాడు. తీసిన పొద్దు గాలి మోతకు మాటలన్నీ చెడిపోయినాయంట. మల్ల చెప్పించుకుందామనే లోపల మనిషే లేకపాయె, వేరే ఆయనతో చెప్పించినారంట. మాకెట్లా చెప్పాలో తెలీక చెప్పలేదంట. నోటిదాకా తిట్లు వచ్చినాయి గానీ, ఎవురిని తిట్టాల? మా సీమలో వానకు కరువు గానీ గాలికి కరువా!

అప్పుడే స్పీకర్లో ఉలిక్కిపడేటట్ల ఒక కేక ఇనపడింది. తెర మీద మరుసటి పొద్దు, నాయన గట్టు మీద నిలబడి, నాలుక మడిచి, గొర్లను పిలుస్తాండాడు. గాలి హోరులో కలిసి, బొంగురుగా, నాయనే!

"ఆ కేక మాత్రం ఎవురికీ చేతగాలేదక్కా, అట్లే ఉంచినాం" అన్నాడు డైరెక్టరు.

నేను పరుగెత్తినా. ఏడుపు ఆగలే. "మా, ఇన్నావా? అది నాయనదే మా!"

అమ్మ స్పీకరు మీద చెయ్యి పెట్టుకోని కూర్చోనుండాది.

"ఇన్నా" అనింది. "గొర్లను పిలిచినాడు పాపా. నన్ను పిలవలే."