ఎండబెట్టిన సిగార్లు

తొంభైల్లో ఓ వేసవిలో, చక్కెర మిల్లులో మరమ్మతు పని మీద చోడవరంలో పది రోజులు ఉండాల్సి వచ్చింది. ఎక్కడికి వెళ్లినా నా వెంట ఓ దేవదారు చెక్క పెట్టె ఉండేది. అందులో తడి స్పాంజి ముక్క, దాని పక్కన క్యూబా నుంచి స్నేహితుడు తెచ్చిచ్చిన ఐదు సిగార్లు. ఆకు ఎండితే రుచి చచ్చిపోతుందని, చంటిపిల్లను చూసుకున్నట్టు రోజూ చెమ్మ చూసుకునేవాణ్ణి.

మూడో రోజు సాయంత్రం గదికి వచ్చేసరికి పెట్టె ఖాళీగా ఉంది. నాకు గది అద్దెకిచ్చిన ఇంటావిడ సన్యాసమ్మ గర్వంగా చెప్పింది.

"గది తుడుస్తంటే సూసేను బాబూ. నీ సుట్టలన్నీ సెమ్మెక్కిపోయేయి. పొద్దున్నే డాబా మీద ఎండలో ఎట్టేసేను."

పరుగున పైకెక్కాను. చేటలో, ఎండుమిరపకాయల పక్కన, ఐదూ పెళపెళలాడుతున్నాయి. ముట్టుకుంటే ఆకు పొడిపొడిగా రాలింది.

"ఎంత పని చేశారమ్మా! వీటిని చెమ్మలోనే ఉంచాలి!"

"సెమ్మ సుట్ట ఎవులు కాలుస్తారు బాబూ?" అంటూ ఆవిడే నన్ను జాలిగా చూసింది.

ఉక్రోషం కొద్దీ వాటిలో కాస్త నయంగా ఉన్నదాన్ని వెలిగించాను. గొంతు భగ్గున మండి, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

సన్యాసమ్మ నా నోటివంకే తేరిపార చూసింది. రొంటిన దోపుకున్న తన చుట్ట తీసి వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంది. నాకు దగ్గు కూడా ఆగిపోయింది. రెండు దమ్ములు లాగాక చుట్ట బయటికి తీసి, తీరిగ్గా అంది.

"తప్పు ఎండది కాదు బాబూ. నువ్వే సుట్ట తిరగేసి కాలుస్తన్నావు."