పిన్ని గొంతులో ఎవరివో అంకెలు

చూపులేని విద్యార్థుల కోసం ఇంగ్లిషు పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేయడం మా పిన్ని ఉద్యోగం. చిన్న గది, తలుపుకు మందపాటి దుప్పటి. చప్పుడవుతుందని రికార్డింగప్పుడు ఫ్యాను కూడా వేయరు. చెమటలు కారుతున్నా ఆమె గొంతు మాత్రం చల్లగా ఉంటుంది.

ఖగోళశాస్త్రం పుస్తకానికి నెలలు పట్టింది. పెద్ద అంకె వచ్చినప్పుడల్లా ముందుగా ఇంట్లో నాకు చదివి వినిపించేది. చంద్రుడి దూరాన్ని "త్రీ హండ్రెడ్ అండ్ ఎయిటీ ఫోర్ థౌజండ్" అనేది. ఆ 'అండ్' దగ్గర వినేవాళ్లు ఊపిరి పీల్చుకుంటారట. పన్నెండు వందలు ఉజ్జాయింపు లెక్కయితే "ట్వెల్వ్ హండ్రెడ్" అని తేల్చేసేది. కచ్చితమైన కొలతయితే "వన్ థౌజండ్ టూ హండ్రెడ్" అని నిలబెట్టి చెప్పేది.

మొన్న పుస్తకం తయారై ఫోనుకు వచ్చింది. భోజనాల దగ్గర అందరం విన్నాం. చంద్రుడి వాక్యం పిన్ని గొంతుతో మెత్తగా మొదలైంది. అంకె రాగానే ఎవరో కుర్రాడి గొంతు మధ్యలోకి దూకింది: "త్రీ హండ్రెడ్ ఎయిటీ ఫోర్ థౌజండ్!" వెంటనే మళ్ళీ పిన్ని: "కిలోమీటర్స్."

"ఇదేంటే, నీ నోట్లోకి మగాడెవడో దూరాడు?" అన్నాడు బాబాయి. నాకు నవ్వొచ్చింది. పిన్ని మొహం చూశాక ఆ నవ్వు గొంతులోనే ఉండిపోయింది.

మర్నాడు ఆమె వెంట నేనూ ఆఫీసుకు వెళ్లాను. కొత్త మేనేజరు కంప్యూటర్ నుంచి తల తిప్పలేదు.

"అన్ని పుస్తకాల్లో అంకెలు ఒకేలా పలకాలి మేడమ్. 'అండ్' వద్దు, 'ట్వెల్వ్ హండ్రెడ్' వద్దు. అందుకే అంకెల వరకే మార్పించాం. మిగతాదంతా మీదేగా!"

"మార్చి చదవమంటే చదవనా? నేనేమన్నా మొండిదాన్నా? ఒక్క మాట అడిగారా?"

"మీకెందుకు శ్రమ అని..."

"నా గొంతు కోసి ఇంకొకళ్లది అతికించడం కంటే శ్రమా బాబూ?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఒకరు గీసిన బొమ్మలో కళ్లు చెరిపేసి, ఇంకొకరి చేత పెట్టించి, మిగతాది నీదేనంటే ఊరుకుంటారా? గొంతు కంటికి కనబడదు కాబట్టి ఎక్కడ కోసినా నెత్తురు రాదనుకుంటారు కాబోలు.

"సోమవారం పుస్తకం పిల్లలకు వెళ్లాలి" అన్నాడు మేనేజరు.

"వెళ్లనివ్వండి. అంతా ఆ అబ్బాయి చేతైనా చదివించండి, అంతా నన్నైనా చదవనివ్వండి. ఇలా అతుకులబొంత చేసి నా పేరు పెడితే మాత్రం ఒప్పుకోను."

అప్పుడు తల తిప్పాడు. "ఈలోగా అంకెలన్నీ చదవగలరా?"

"ఫ్యాను ఆపించండి."

పిన్ని ఆయన చెప్పిన పద్ధతిలోనే చదివింది. త్రీ హండ్రెడ్... ఎయిటీ ఫోర్ థౌజండ్. 'అండ్' లేదు. అది ఉండాల్సిన చోట చిన్న ఊపిరి మాత్రం ఉంది.

తిరిగి వినిపిస్తూ రికార్డిస్టు అడిగాడు: "అక్కా, ఈ ఊపిరి కోసేయనా?"

"కోసి చూడు" అంది పిన్ని.