హనుమంతప్ప పొట్టలో గాలి

సర్జన్‌గా చాలా పొట్టలు కోశాను గాని, ఆకాశం చూడకుండా వైద్యం మొదలుపెట్టిన మూర్ఖుణ్ణి కూడా నేనే. కరోనా సద్దుమణిగిన ఏడాది, ముంగారు అనే తొలకరి వానల ముందు, అనంతపురంలోని మా ఆసుపత్రికి కంబదూరు వైపు నుంచి హనుమంతప్ప వచ్చాడు. మెట్టరైతు. పాత ఆపరేషన్ కుట్టు సడలి, పేగులు చర్మం కిందికి జారి, కడుపు మీద ఇంకో కడుపు వేలాడుతోంది. దీన్ని ఇన్సిషనల్ హెర్నియా అంటాం. ఆయన దాన్ని తుండుగుడ్డతో నడుముకు బిగించి, అలాగే చేలో గుంటక తోలేవాడట.

"లోపలికి తోసి కుట్టెయ్ సార్" అన్నాడు.

అంత సులువైతే నాతో పనేముంది? ఏళ్ల తరబడి వేరు కాపురం పెట్టిన పేగులకు పాత ఇంట్లో చోటు మిగలదు. మా భాషలో లాస్ ఆఫ్ డొమైన్. బలవంతంగా తోస్తే కడుపు బిగుసుకుని, ఊపిరితిత్తులు నలిగి, శ్వాస ఆడదు. అందుకే ముందు బీడీ మాన్పించాలి. స్పైరోమీటర్ అనే మూడు బంతుల డబ్బాతో ఊపిరి సాధన చేయించాలి. గట్టిగా గాలి పీలిస్తే బంతులు లేస్తాయి. సన్నని గొట్టంతో రోజూ కొంచెం గాలి కడుపులోకి పంపి లోపలి గదిని పెంచాలి. వారాల పని. "సైకిల్ ట్యూబుకు గాలి కొట్టినట్లు" అని వివరించాను. ఉపమానాలు నా రోగం.

హనుమంతప్ప మొదట డబ్బాలోకి ఊదాడు. భార్య నాగమ్మ ఆయన తొడ మీద ఒకటి వేసింది.

"ఊదేది కాదు, పీల్చాల. ఇన్నేండ్లు బీడీ పీల్చల్యా?"

కొన్నాళ్లకు రెండు బంతులు లేచాయి. మూడోది కదులుతోంది.

అప్పుడు వాన పడింది.

మా సీమలో వాన పడితే ఆ తడి ఆరకముందే శనక్కాయ విత్తాలి. హనుమంతప్ప కిటికీ వదల్లేదు. మరునాడు వాళ్ల ఊరి మాజీ సర్పంచి జీపులో దిగాడు.

"ఏమప్పా డాక్టరూ, మనిషికి పంచర్ షాపులో మాదిరి గాలి కొడతాండావంట? నాకు తెలిసినాయన ఒక్క పూటలో కుట్టేస్తాడు. వారానికల్లా చేన్లో ఉంటాడు."

"కుట్టొచ్చన్నా. ఆ తర్వాత ఊపిరాడదు."

"నువ్వు చదివిందంతా ఆలస్యమేనా?"

నేను హనుమంతప్ప వైపు తిరిగాను. "విత్తనం ఇంకెవరితోనైనా వేయించు. నువ్వు కదలొద్దు."

"నా చేను ఇంకెవరిత్తుతారు సార్? పదును పోతే ఏడాది పోతాది. అన్న చెప్తాండాడు కదా."

గొట్టం తీసి పంపించాను.

వేరే ఊళ్లో ఒక్క పూటలోనే కుట్టారు. పేగులన్నీ లోపలికి పోయాయి, ఊపిరి బయటికి పోయింది. హనుమంతప్ప వెంటిలేటర్ మీంచి దిగలేదు.

నాగమ్మ డబ్బా తిరిగివ్వడానికి వచ్చింది. "మీదే కదా సార్. మూడో బంతి లేపల్యా ఆయప్ప."

"శనక్కాయ విత్తినారా?" అని అడిగాను.

"ఇత్తినాం. ఆయప్ప దినాలైనాక మళ్లా వానొచ్చింది, అన్న ట్రాక్టర్ పంపించినాడు."

ఆ ట్రాక్టర్ అప్పుడే వచ్చి ఉంటే! ఆ మాట నేనైనా అడగలేదు. పేగుల చోటు కొలిచానే గాని చేను సంగతి చూడలేదు. ఇప్పుడు మెట్టరైతు వస్తే, స్కాన్ కంటే ముందు, "నీ చేను ఎవరిత్తుతారు?" అని అడుగుతాను.

మరుసటి ఏడు ఆ ఊళ్లో వైద్య శిబిరం పెట్టాం. ముఖ్య అతిథి మాజీ సర్పంచే. దీపం వెలిగించబోతుంటే ఆపాను.

"అన్నా, ముందు ఈ బంతులు లేపి ప్రారంభించండి."

కొత్త గొట్టం తగిలించి, నాగమ్మ తెచ్చిచ్చిన డబ్బానే అందించాను. ఎలా వాడాలో మాత్రం చెప్పలేదు. ఆయన బుగ్గలు పొంగించి ఊదాడు. ఒక్క బంతీ కదల్లేదు. మొహం ఎర్రబడేలా మళ్లీ ఊదాడు. జనం నవ్వారు. నేనూ నవ్వాను.

ఆడవాళ్ల వరుసలోంచి నాగమ్మ లేచింది. ఆమె నవ్వడం లేదు.

"ఊదేది కాదన్నా. పీల్చాల."

నవ్వు ఆగిపోయింది. ఆయన డబ్బా నా చేతిలో పెట్టి, దీపం వెలిగించకుండానే కూర్చున్నాడు.