పోస్టరు మీది మా ఆయన

మొన్న ఆదివారం మా కూతురూ అల్లుడూ నన్ను కొంపల్లిలో మాల్‌కు తీసుకెళ్లారు. మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేనంటే, మెట్లే నిన్ను మోసుకుపోతాయి అత్తమ్మా అని అల్లుడు చేయి పట్టుకుని కదిలే మెట్ల మీద నిలబెట్టాడు. పైకి చేరేసరికి ఎదురుగా గోడంత తెర వెలుగుతోంది. దాని మీద ఇద్దరు భారీ బాక్సర్లు ముక్కుకు ముక్కు ఆనించి గుర్రుగా చూసుకుంటున్నారు. వాళ్లు విలేకరుల ముందే కుర్చీలు విసురుకున్నారనీ, ఆ గొడవను ఫోన్లలో జనం విరగబడి చూశారనీ, దాంతో పోటీ ధర అమాంతం పెరిగిందనీ, ఓడినవాడికి కూడా ఏడు తరాలు తినేంత వస్తుందనీ అల్లుడు ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు. కుర్చీ ఎవరికైనా తగిలిందా అని అడిగాను. అతను నవ్వేశాడు గాని నేను నవ్వులాటకు అడగలేదు.

నా ఈడువాళ్లు, మేడ్చల్‌లో పెరిగినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఒకప్పుడు స్టేషను గోడ మీద, బస్టాండు పక్కన కల్లు దుకాణం గోడ మీద అంటించిన ఎర్రటి పోస్టర్లు వాళ్లకు గుర్తుకు రావచ్చు. పిడికిళ్లు బిగించి, ఛాతీ విరుచుకుని, కింద 'దక్కన్ పిడుగు' అని లావుపాటి అక్షరాలతో ఒక మనిషి ఉండేవాడు. ఆ పిడుగు మా ఆయన.

పల్టన్‌లో, అంటే సైన్యంలో ఉన్నప్పుడు బాక్సింగ్ నేర్చుకుని, కొలువు కాలం ముగిశాక ఊరికి తిరిగొచ్చి, ఒక ద్రాక్షతోటకు కావలిగా కుదిరాడు. అప్పట్లో మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా రోడ్డుకు అటూ ఇటూ ద్రాక్ష పందిళ్లే. అదే తోటలో నేను పెట్టెలు సర్దే పని చేసేదాన్ని. పెద్ద గుత్తులు పైన, రాలినవీ పులుపువీ అడుగున పెట్టి, పైన రంగు కాగితం కప్పమని మా తోట యజమాని చెప్పేవాడు. అలా సర్దీ సర్దీ నాకు దేన్నైనా అడుగున చేయి పెట్టి చూసే బుద్ధి పట్టుకుంది. దాన్ని మా అత్తమ్మ అనుమానపు రోగం అనేది.

మా ఆయనతో పాటే పల్టన్ నుంచి వచ్చిన దోస్తు ఒకాయన శామీర్‌పేటలో ఉండేవాడు. ఆయన నన్ను భాబీ అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. చెరువులో చేపలు పట్టించి అమ్ముకునేవాడు. పొట్టి మెడ, మొహం నిండా అమ్మవారి మచ్చలు, చీలిన పై పెదవి. ఇద్దరూ హెవీవెయిట్లే. వారానికి రెండు మూడు సాయంత్రాలు తోట షెడ్డు వెనక గ్లవ్స్ వేసుకుని తలపడేవారు. మా ఆయన చేతులు గాలిలో మెరుపుల్లా తిరిగేవి, చూడటానికి ముచ్చటగా ఉండేది. అన్న మాత్రం తల దించుకుని, గోడలా ముందుకొచ్చి, కడుపు మీద పక్కటెముకల మీద చప్పుడు లేకుండా కొట్టేవాడు. చివరికి రొప్పుతూ కూలబడేది ఎప్పుడూ మా ఆయనే. ఆ సంగతి షెడ్డులో పనిచేసే ఆడవాళ్లందరికీ తెలుసు, మా ఆయనా ఒప్పుకునేవాడు.

అలాంటి ఒక సాయంత్రం, ద్రాక్ష కొనడానికి వచ్చిన ఒక సేటు వాళ్లను చూశాడు. తెల్ల చొక్కా, నవ్వితే కళ్లు మాత్రం నవ్వని మనిషి. ఆయన వాళ్ల గుద్దులు చూడలేదు, మా ఆయన మొహం చూశాడు. వెలుతురులోకి రమ్మని గడ్డం కింద వేలు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. అన్న మీద ఆయన చూపు ఒక్కసారి పడి వెంటనే వెనక్కి వచ్చేసింది. గుద్దుకునేవాళ్లను ఎంచుకోవడానికి వచ్చిన మనిషి గుద్దు బరువు అడగడేమిటని నాకు ఆ క్షణమే ముల్లులా గుచ్చుకుంది.

నెల తిరక్కుండా సేటు మేడ్చల్‌లో డేరా వేసి, టికెట్లు పెట్టి బాక్సింగ్ పోటీలు మొదలుపెట్టాడు. పోస్టరు కోసం మేడ్చల్‌లో ఫోటో స్టూడియోకు రమ్మంటే నేను పెండ్లి చీర కట్టుకుని వెళ్లాను. సేటు నన్ను చూసి మెత్తగా అన్నాడు, "నువ్వు జర బయట కూసో చెల్లె. పెండ్లైందని తెలిస్తే సగం జనం రారు." మా ఆయన నా వైపు చూడకుండా జుట్టు దువ్వుకున్నాడు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. అలా లోకం దృష్టిలో ఆయనకు పెండ్లి కాకుండా పోయింది.

తర్వాత వంతు మా అత్తమ్మది. ఒక పొద్దున ఆమె వాకిట్లో బియ్యం చెరుగుతుంటే మైకు కట్టిన జీపు మా సందులోకే వచ్చింది. తల్లీ తండ్రీ లేని అనాథ, చెరువు కట్ట మీద దొరికిన బిడ్డ, ఆకలితో పోరాడి పిడుగైన వీరుడు అని కరపత్రాలు చల్లుతూ అరుస్తోంది. అత్తమ్మ చేట పట్టుకునే జీపుకు అడ్డం నిలబడింది. "నేను సచ్చిన్నారా? నన్నడగకుంట ఎప్పుడు సంపిండ్రు?" అని ఆమె అడుగుతుంటే సందంతా నవ్వింది. మా ఆయన సిగ్గుపడి, "ఉత్తగనే అమ్మా, జనం కోసం గట్ల జెప్తరు" అన్నాడు. ఆ రోజు ఆమె కొడుక్కు అన్నం పెట్టలేదు.

కానీ డబ్బు వచ్చింది. ఎంతన్నది ఇక్కడ అనవసరం. తోట కావలి జీతం మీద బతికే ఇంటికి స్లాబు పడింది, వాకిట్లో స్కూటరు నిలబడింది, నా చెవులకు కమ్మలొచ్చాయి. హెవీవెయిట్ బరువున్న మనుషులు మన వైపు తక్కువ గనుక ప్రత్యర్థులు ఎక్కడెక్కడి నుంచో వస్తారని సేటు చెప్పేవాడు. ఒకడు బొంబాయి ఛాంపియన్, ఇంకొకడు సింహళ సింహం. వాళ్లెవరో, అక్కడ నిజంగా ఛాంపియన్లో కాదో ఎవరడగాలి, ఎవరు చెప్పాలి? మా ఆయన చేయి విసరగానే ఎంతటివాడైనా బోర్లా పడేవాడు, డేరా అంతా ఈలలతో ఊగిపోయేది. తోట షెడ్డు వెనక అన్నను ఒక్కనాడూ పడగొట్టలేని ఆ చెయ్యి బొంబాయివాళ్లను ఎలా పడగొడుతోందని ఆడవాళ్ల వైపు కూర్చుని నేను ఆలోచించేదాన్ని.

ఒకసారి బొంబాయి ఛాంపియన్ మా ఆయన దెబ్బకు స్పృహ తప్పితే నలుగురు మోసుకుపోయారు. పాపం, ఎవరు కన్న బిడ్డో అని నాకు మనసంతా అదోలా అయింది. మర్నాడు పొద్దున మా చెల్లెలిని రైలెక్కించడానికి స్టేషనుకు వెళ్తే, బయట బండి దగ్గర ఆ ఛాంపియన్ నిలబడి పూరీలు తింటున్నాడు. బండివాడితో మా కంటే చక్కటి తెలంగాణ మాటలు మాట్లాడుతున్నాడు. నేను ఫలానా అని అతనికి తెలిసే దారి లేదు, పిడుగుకు పెండ్లే కాలేదు గదా. దగ్గరికి వెళ్లి, "దవడ నొస్తలేదా తమ్మీ, రాత్రి గట్టిగ తాకినట్టుండె" అన్నాను. అతను నోటి నిండా పూరీతో నవ్వి, "తాకితే గదా అక్కా నొచ్చేది!" అన్నాడు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. మొహం ఎర్రబడింది. నా గుద్దు మీద నీకు నమ్మకం లేదా అన్నాడు, ఓర్వలేకపోతున్నావన్నాడు, చివరికి తన చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. నిజం చెప్పాలంటే, ఆయనకు ముందే తెలుసునేమో, తెలిసీ నాటకమాడుతున్నాడేమోనని కూడా నేను అనుమానించాను. ఆ చూపు చూశాక ఆ అనుమానం పోయింది. లేచి, స్కూటరు తీసి, ఎక్కు అన్నాడు. నేరుగా శామీర్‌పేటలో అన్న ఇంటి ముందు ఆపాడు.

అన్న వల కుట్టుకుంటున్నాడు.

"ఆళ్లు కావాల్నని పడుతున్నరని నీకెరికేనా?"

అన్న తల ఎత్తలేదు. "ఎరికే."

"మరి ఎందుకు జెప్పలే?"

"నువ్వు మస్తు ఖుషీగుంటివి భాయ్. ఎట్ల జెప్పాలె?"

అప్పుడు ఇంకొక సంగతి బయటపడింది. తనకూ ఒక పోటీ ఇవ్వమని అన్న సేటును అడిగాడట. ఈ మొహం అంటిస్తే గోడకు మళ్లీ సున్నం వేయించాలి అన్నాడట ఆయన. అన్న అది నవ్వుతూనే చెప్పాడు గాని, గడప లోపల నిలబడి ఉన్న ఆయన భార్య నవ్వలేదు.

మా ఆయన సేటు దగ్గరికి వెళ్లి, ఇక దొంగ పోటీలు ఆడననీ, ఆడితే శామీర్‌పేట దోస్తుతో నిజంగా ఆడతాననీ చెప్పాడు. సేటు కాదంటాడనుకున్నాం. ఆయన వెంటనే ఒప్పేసుకున్నాడు. ఎందుకింత తేలిగ్గా ఒప్పుకున్నాడోనని నేను భయపడుతూనే ఉన్నాను. వారం గడిచేసరికి కొత్త పోస్టర్లు పడ్డాయి. 'ఒక ఆడదాని కోసం బద్ధశత్రువులైన ప్రాణస్నేహితులు!' లేని పెండ్లాన్ని అవసరం రాగానే పుట్టించారు. నీళ్ల పంపు దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి మాటలు ఆపేయడం మొదలైంది. శామీర్‌పేటలో అన్న భార్య, మా వదినె, రెండు రోజులు పొయ్యి వెలిగించలేదని తెలిసింది.

మగవాళ్లిద్దరూ పోటీ మానేద్దామన్నారు. మానేస్తే ఆ పోస్టరే నిజమైపోతుందని నేను ఒప్పుకోలేదు. పోటీ రోజు పొద్దున్నే శామీర్‌పేట వెళ్లి, వదినె చేయి పట్టుకుని తీసుకొచ్చాను. మా అత్తమ్మ, వదినె, నేను ముగ్గురం డేరాలోకి వెళ్లి, రింగు పక్కన మొదటి వరుసలో, అందరికీ కనబడేటట్టు భుజాలు ఆనించుకుని కూర్చున్నాం. మమ్మల్ని గుర్తుపట్టిన మేడ్చల్ జనంలో గుసగుసలు లేచాయి. సేటు మనిషి ఉరికొచ్చి టికెట్లు ఏవని అడిగితే మా అత్తమ్మ కొంగు సర్దుకుంటూ, "సచ్చినదానికి టికెట్ ఎందుకు బిడ్డా?" అంది. వెనక వరుసల దాకా నవ్వులు పాకిపోయాయి. ఇక మమ్మల్ని ఎవరూ కదిలించలేదు.

పోటీ మొదలైంది. మొదట మా ఆయన చేతులే ఆడాయి, ఈలలూ పడ్డాయి. అన్న తల దించుకుని వస్తూనే ఉన్నాడు. మెల్లగా ఈలలు తగ్గాయి, తర్వాత డేరాలో పిడికిళ్లు ఒంటికి తాకే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. నిజమైన దెబ్బకు అంత చిన్న చప్పుడే ఉంటుందని జనానికి అదే మొదటిసారి తెలియడం. నాలుగైదు రౌండ్లు గడిచాక మా ఆయన మోకాళ్ల మీద కూలి, లేవబోయి, లేవలేకపోయాడు. అన్నే వంగి లేపి కూర్చోబెట్టాడు. పక్కన వదినె నా చేయి నలిగిపోయేలా పట్టుకుని ఏడుస్తోంది, తన మొగుడు గెలిచినందుకో నా మొగుడు పడినందుకో నేను అడగలేదు.

నా రోగం చూడండి, అప్పటికీ వదల్లేదు. ఇంటికొచ్చాక ఉప్పు మూటతో కాపడం పెడుతూ, "నిజం జెప్పు, దోస్తు గెలవాల్నని పడ్డవా?" అని అడిగాను. ఆయనకు నవ్వొచ్చింది, నవ్వితే పక్కటెముక నొప్పొచ్చింది, పట్టుకుని మూలుగుతూనే మళ్లీ నవ్వాడు. "నీ అనుమానం పాడుగాను! గీ పక్కబొక్క జూసి అడుగు. మస్తు గొట్టిండే, నిజంగ గొట్టిండు!" ఓడినందుకు అంత సంతోషపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆ పోస్టర్లు పడ్డప్పటి నుంచి ఆయన అలా నవ్వలేదని నాకు అప్పుడే తట్టింది.

మర్నాడు సేటు మిఠాయి డబ్బాతో వచ్చాడు, గెలిచినవాడి ఇంటికి కాదు, మా ఇంటికి. ప్రతీకారం అని కొత్త పోస్టరు వేద్దాం, ఇదివరకు గెలిచినప్పుడు ఇచ్చినదానికంటే ఎక్కువ ఇస్తానన్నాడు. ప్రతీకారంలో ఎవరు గెలవాలో కూడా అనుకునే వచ్చాడు.

"గెల్చినోన్ని తోల్కపో," అన్నాడు మా ఆయన.

"గెల్చుడు వేరే, జనం పైసలిచ్చి జూసుడు వేరే. నీకు సమజైతలేదు," అన్నాడు సేటు.

"గిప్పుడే సమజైంది," అని మా ఆయన మిఠాయి డబ్బా ఆయన చేతిలోనే పెట్టి గేటు దాకా సాగనంపాడు.

ఆ తర్వాత సేటు ఎక్కడినుంచో ఇంకొక అందగాణ్ణి తెచ్చి కొన్నాళ్లు ఆడించాడు. అన్నకు మళ్లీ ఒక్క పోటీ కూడా దొరకలేదు. ఒకే ఒక్క నిజమైన పోటీ గెలిచినవాడు వల భుజాన వేసుకుని చెరువుకు పోయాడు, దొంగ గెలుపుల మీద మా ఇంటికి స్లాబు నిలబడింది. ఈ మాట నన్నెంత పొడిచేదో మా ఆయననూ అంతే పొడిచి ఉంటుంది. ఒకనాడు స్కూటరు శామీర్‌పేటలో వదిలేసి బస్సులో ఇంటికొచ్చాడు. అన్న చాలా ఏళ్లు దాని మీదే చేపల బుట్ట కట్టుకుని తిరిగాడు. మా ఆయన తోట కావలికే వెళ్లాడు, తోటలు పోయాక తుర్కపల్లిలో ఒక కంపెనీ గేటు దగ్గర కూర్చున్నాడు. షెడ్డు పడగొట్టేదాకా ఇద్దరూ దాని వెనక తలపడుతూనే ఉన్నారు, టికెట్టు లేకుండా.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. ద్రాక్ష పందిళ్లు ఉన్నచోట గేట్లున్న విల్లాలు, ఫంక్షన్ హాళ్లు లేచాయి. పాత మేడ్చల్‌లో నన్ను గుర్తుపట్టేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. మోసం మా కాలంలోనూ ఉంది, లేదని నేను ఎన్నడూ అనను. అయితే మా కాలపు మోసానికి ఒక మనిషి ఉండేవాడు. వాడు మన గుమ్మంలోకే వచ్చేవాడు, మన బల్ల మీదే కూర్చుని మంచినీళ్లు తాగేవాడు, మొహం మీదే కాదని చెప్పడానికి వీలుండేది. నిజం చెప్పగల మనిషి కూడా మైళ్ల దూరంలో కాక పక్క ఊళ్లోనే వల కుట్టుకుంటూ ఉండేవాడు. ఈ రోజుల్లో నా అనుమానం మునుపటికంటే పదునెక్కింది గాని, దాన్ని తీసుకెళ్లి ఎవరి గడప ముందు దించాలో తెలియడం లేదు.