కాశీవిశ్వనాథం గారి పడవ మోటారు

అశోక్‌నగర్‌లో మా ఇంటి ఓనరు కాశీవిశ్వనాథం గారికి పడవ మోటారు ఉండేది. పడవ లేదు. ఎప్పుడూ లేదు. మత్స్యశాఖలో పనిచేసే రోజుల్లో ఆఫీసు వాళ్ళు పాత పడవను వేలం వేస్తే, ఆయన దాని వెనక తగిలించే చిన్న మోటారును మాత్రం పాడుకుని తెచ్చి మెట్ల కింద పెట్టారు. ఎందుకండీ అంటే, "ఉండనీవయ్యా, పనికొస్తుంది" అనేవారు. వానలకు చిక్కడపల్లి మునిగితే తప్ప అది పనికొచ్చే దారి నాకు కనపడలేదు.

2013 వేసవిలో ఆయన భార్య సుబ్బులు గారికి ఓపిక నశించింది. ఒక ఆదివారం పాత ఇనుము కొనే బాలప్పను పిలిపించి, భర్తకు తేల్చి చెప్పేశారు.

"ఇవాళ స్టార్టయితే ఉంచుకోండి. లేదా తూకానికి వేసేస్తాను. ఆ చోటు నాకు కావాలి."

ఆయన ముఖం చూస్తే జాలేసింది. నేను పై గదిలో అద్దెకుండి గ్రూప్స్‌కు చదివేవాణ్ణి. నోటిఫికేషన్ జాడ లేదు. మోటారు స్టార్టు చేసే తాడు లాగడానికి నాకంటే ఖాళీ మనిషి ఆ వీధిలో ఎవరు?

నీళ్ళు లేకుండా తిప్పితే మోటారు కాలిపోతుందట. అందుకని సుబ్బులు గారు వంటింట్లో ఉండగా చూసి, ఆయన నీళ్ళ డ్రమ్ము అంచుకే దాన్ని బిగించారు. మాకు నల్లా రోజు విడిచి రోజు. ఇంటిల్లిపాదికీ, నాకూ ఆ డ్రమ్మే ఆధారం.

పాత పెట్రోలు వంచితే వార్నిషు కంపు కొట్టింది. నారాయణగూడ నుంచి కొత్తది తెచ్చి, ఆయిలు కలిపి పోశాం. ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దితే నిప్పురవ్వ బాగానే వచ్చింది. కార్బరేటరు కడిగాం. నా భుజం పోయింది గాని మోటారు దగ్గనైనా దగ్గలేదు.

"అప్పట్లో మీరెలా స్టార్ట్ చేసేవారండీ?"

"నేనెక్కడ చేశానయ్యా? నేను కూర్చుని చేపల లెక్క రాసేవాణ్ణి. తాడు లాగేది పడవ నడిపే సరంగు."

నాకు ఒళ్ళు మండింది.

"సార్, జర జల్ది చూడున్రి. నేనింక అడిక్‌మెట్ దిక్కు పోవాలె," అన్నాడు గేటు దగ్గర బాలప్ప.

చివరికి పైపు ఊడదీస్తే జబ్బు బయటపడింది. టాంకు నిండా పెట్రోలుంది, గొట్టానికి అడ్డం లేదు, అయినా రెండు చుక్కలు రాలి ఆగిపోతోంది. ఎందుకో ఇద్దరికీ తెలియలేదు. పైపు మళ్ళీ తగిలించాను. ఆయన మెట్ల మీద కూలబడి, "ఇచ్చెయ్యి, సుబ్బులూ" అన్నారు.

సుబ్బులు గారు బయటికొచ్చి ముందు డ్రమ్మును చూశారు. తిట్టబోయి ఆగారు. ఆమె చూపు టాంకు మూత మీద పడింది. దాని నడుమ గాలి పోయే చిన్న కన్నం. ఏటా దసరాకు స్కూటరుతో పాటు ఈ మోటారుకూ ఆవిడే గంధం బొట్టు పెట్టేవారు, సరిగ్గా ఆ కన్నం మీదే. గంధం మీద గంధం పేరుకుని రాయి అయింది. రెండో కన్నం పెట్టందే డబ్బాలోంచి నూనె దిగదని వంట చేసే మనిషికి వేరే చెప్పాలా?

ఆమె నోరు మెదపకపోతే మోటారు పీడ ఆ పూటే వదిలేది. ఒకసారి మెట్ల కింద ఖాళీ చోటు చూశారు, ఒకసారి భర్తను చూశారు. గాజుకున్న పిన్నీసు తీసి, మూత విప్పి, గంధం పెకలించి మళ్ళీ బిగించారు.

"లాగండి. ఆ అబ్బాయి కాదు, మీరు."

ఆయన లాగారు. మోటారు ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. దానికి గేరు లేదు. అందుకోవడంతోనే నీళ్ళలో ఉన్న రెక్కలు తిరిగి, డ్రమ్ములో నీళ్ళు మా ముగ్గురి నెత్తిన పోశాయి. ఆపడం కూడా సరంగు పనేనట! నేను పెట్రోలు టాపు వెతికి కట్టేసేసరికి డ్రమ్ములో ఆయిలు తేలే జానెడు నీళ్ళు మిగిలాయి.

"అమ్మా, ఇస్తరా ఇయ్యరా?" అన్నాడు బాలప్ప.

"నడిచేదాన్ని తూకానికి ఎలా వేస్తాం నాయనా?" అన్నారు సుబ్బులు గారు, కొంగు పిండుకుంటూ. తర్వాత రెండు బిందెలు తెచ్చి భర్త చేతిలో పెట్టారు. "ఎవరింట్లోనైనా నీళ్ళడిగి పట్టుకురండి. అన్నం వండాలి."

ఆయన తల కూడా తుడుచుకోకుండా బయల్దేరారు. వీధిలో ప్రతి గుమ్మం ముందూ ఆగి మాట్లాడటం మేడ మీంచి నాకు కనిపిస్తూనే ఉంది. మధ్యాహ్నానికి వెలిగిపోతున్న ముఖంతో తిరిగొచ్చారు. అందరికీ మోటారు స్టార్టయిన సంగతి చెప్పారు. బిందెలు రెండూ ఖాళీ.