పదకొండు వేల అడుగుల పైన ఒక కాలువ

లేహ్ చూసి, ఈ రోజు ధర్మవరంలో రైలు దిగి హిందూపురం బస్సెక్కాను. పక్క సీట్లో రొద్దం రైతు ఒకాయన. మనాలి నుంచి రెండు రోజులు కొండల్లో బస్సులో వెళ్లానని, ఆ ఊరు పదకొండు వేల అడుగుల పైన ఉందని, అక్కడ ఊపిరే సరిగా ఆడదని గొప్పగా చెప్పాను.

ఆయన నా ఫోన్‌లో మంచుకొండలన్నీ చకచకా తోసేశాడు. రోడ్డు పక్కన పారుతున్న పిల్లకాలువ ఫోటో దగ్గర ఆగి, రెండు వేళ్లతో దాన్ని పెద్దది చేశాడు.

"ఆడ వానలు బాగా పడతాయా అప్పా?"

"వానల్లేవన్నా. మంచు కరిగి పారతాండాది."

"అంతెత్తున నీళ్లుండాయి! పోయిన వారం మేము వెయ్యి అడుగులు కిందికి పోయినాము. ఉత్త దుమ్ము లేసింది. అది నాలుగో బోరు."

ఆ మంచు కూడా ఏటేటా తగ్గిపోతోందట అన్నాను. అది ఓదార్పు అని ఎందుకనుకున్నానో నాకే తెలీదు.

"అయితే వాళ్లూ బోర్లు ఏపిచ్చే రోజు వస్తాదిలే" అని ఫోన్ నా చేతిలో పెట్టి, పెనుకొండలో దిగిపోయాడు.

లేహ్ ఫోటోలు అడిగినవాళ్లకు ఆ కాలువ ఒక్కటే పెడుతున్నాను. చూసి, మీ ఊళ్లో బోరు ఎన్ని అడుగులకు చేరిందో రాయండి.