పెట్టుబడి పాఠం

అకౌంట్స్ మేడం పనిచేసిన కాలేజీ ఒక ఫర్నిచర్ షోరూం పైన ఉండేది. కింద మంచాలకు వార్నిష్ కొడితే పైన క్లాసులో అందరికీ తల దిమ్మెక్కేది. ఆరు గదులు, ఒక్కటే ఇరుకు మెట్లదారి. ఎదురెదురుగా ఇద్దరొస్తే ఒకరు గోడకు అతుక్కుపోవాల్సిందే. "మన కాలేజీలో అందరం దగ్గరవాళ్ళమే, మెట్లు అలాంటివి మరి" అని మేడం నవ్వేది.

ఆమె చదివిందీ అక్కడే. తండ్రి లేడు. తల్లి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికేది. ఉన్న ఇల్లు అమ్మి ఆ కాలేజీ పెట్టిన ప్రిన్సిపాల్ ఆమె దగ్గర ఫీజు తీసుకోలేదు. "ముందు చదువుకోమ్మా, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. చదువయ్యాక బయట మంచి జీతానికి పిలిచినా ఆమె వెళ్ళలేదు. ఆయన దగ్గరే పాఠాలు చెప్పడానికి చేరిపోయింది.

పాఠంలో ఆమెకొక పట్టింపు ఉండేది. పుస్తకంలోని ఊహా కంపెనీలు ఆమెకు గిట్టవు. టీ కొట్టు, సైకిల్ షాపు, బట్టల ఇస్త్రీ, ఇలా పిల్లలు రోజూ చూసేవాటితోనే లెక్కలు చేయించేది. లెక్క ఎటు తేలితే అటు. దాచడం, సర్దడం ఆమెకు రాదు.

మొదటి బెంచీలో పరుపుల దుకాణం వాళ్ళ అమ్మాయి కూర్చునేది. పొద్దున్నే తండ్రికి సాయం చేసి వస్తుంది కాబట్టి జడలో ఎప్పుడూ దూదిపింజలు కనిపించేవి. "ఎందుకు మేడం?" అని ఆ పిల్ల అడగకుండా ఏ పాఠమూ గట్టెక్కేది కాదు. మేడం పైకి విసుక్కునేది గానీ, ఆ పిల్ల రాని రోజు క్లాసు ఉప్పులేని కూరలా ఉండేది.

ఆ రోజు పాఠం పెట్టుబడి మీద రాబడి. దేన్ని ఉదాహరణగా తీసుకుందామని మేడం అడిగితే ఆ పిల్లే లేచింది.

"మన కాలేజీనే తీసుకుందాం మేడం. మేం పెట్టేది పెట్టుబడేగా?"

క్లాసంతా గొల్లుమంది. మేడం కూడా నవ్వి బోర్డు తుడిచింది. ఒక పక్క ఫీజు, బస్సు ఛార్జీలు, పుస్తకాలు రాసింది. "పనికి పోకుండా ఇక్కడ కూర్చున్నందుకు పోయే కూలీ?" అని ఆ పిల్లే గుర్తు చేస్తే "శభాష్" అని అదీ రాసింది. రెండో పక్క, నిరుడు చదువు ముగించినవాళ్ళకు వస్తున్న జీతాలు. ఎవరికెంతో పిల్లలకు తెలుసు. చదవని వాళ్ళ సంపాదన కంటే అది ఎక్కువే, కానీ వేలెడంత ఎక్కువ. పెట్టింది తిరిగి రావడానికి పదేళ్ళు దాటుతుందని తేలింది.

"అప్పటికి మా పిల్లల్ని చేర్పించడానికి వస్తాం మేడం!" అన్నాడు వెనక బెంచీవాడు. మళ్ళీ నవ్వులు. మొదటి బెంచీలో మాత్రం నవ్వు లేదు.

మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదు. జ్వరమేమో అనుకుంది మేడం. వారం తిరక్కుండా ఆ పిల్ల తండ్రి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికొచ్చాడు.

"మీకు దణ్ణం పెట్టాలమ్మా" అన్నాడు. "ఫీజు కట్టమనేవాళ్ళే గానీ, కడితే నష్టమని చెప్పిన టీచర్ని మిమ్మల్నే చూశా. పిల్లని మాన్పించేశాను."

"అయ్యో, నేను మానమనలేదండీ! అది పాఠం. ఊరికే ఉదాహరణకి చెప్పాను."

"ఉదాహరణైనా లెక్క నిజమేగా?"

"నిజమే. కానీ అన్నీ లెక్కలోకి రావండీ. కొన్ని ఉంటాయి..."

"ఏంటమ్మా అవి? చెప్పండి, వింటాను. నాకు మాత్రం పిల్ల చదువుకోకూడదని ఉంటుందా?"

అతను వాదానికి అడగలేదు. ఒక్క మాట దొరికితే పిల్లని వెనక్కి పంపుదామన్న ఆశ అతని ముఖంలో కనిపిస్తూనే ఉంది. మేడం నోరు తెరిచింది. తన బతుకంతా గొంతుదాకా వచ్చింది, మాటగా మాత్రం రాలేదు. అతను మర్యాదగా "వస్తానమ్మా" అని లేచాడు.

ఆ సాయంత్రమే ఆమె పరుపుల దుకాణానికి వెళ్ళింది. పిల్ల ముక్కుకు గుడ్డ కట్టుకుని పరుపులో దూది కూరుతోంది.

"ఫీజు సంగతి నేను ప్రిన్సిపాల్ గారితో మాట్లాడతాను. రామ్మా."

"మీ లెక్కలో తప్పుందా మేడం?"

"తప్పు లేదు. కానీ అందులో నువ్వు లేవు."

"నేనెందుకు లేను? పోయే కూలీ నాదేగా" అంది పిల్ల, చేతిలో పని ఆపకుండా. కోపం లేదు ఆ మాటలో. అదే మేడంకి ఎక్కువ నొప్పి.

కబురు పాకింది. ఇంకో నలుగురైదుగురు మానేశారు. ప్రిన్సిపాల్ ఆమెను పిలిచి కుర్చీ చూపించాడు. కిటికీలోంచి వీధి చూస్తూనే అడిగాడు.

"నీకు ఫీజు లేకుండా చదువు చెప్పాను. ఆ లెక్క బోర్డు మీద ఏ పక్కన రాశావమ్మా?"

ఆమె తలొంచుకుంది. తిడితే బాగుండు అనిపించింది. ఆయన తిట్టలేదు. "పో, క్లాసుకి టైమైంది" అన్నాడు.

కాలేజీ ఆ తర్వాత ఎంతో కాలం నడవలేదు. ఆమె వల్లే మూతపడిందని ఎవరూ అనలేదు. ఊరి చివర పెద్ద కాలేజీలు రెండు వచ్చాయి, వాటికి బస్సులున్నాయి. షోరూం వాళ్ళు పై అంతస్తులు తీసుకుని గదుల గోడలు కొట్టించారు. ప్రిన్సిపాల్ కూతురింటికి వెళ్ళిపోయి, అక్కడే పోయాడు. మేడం ఒక మందుల గోడౌన్‌లో బిల్లులు రాసే పనికి కుదిరింది. జీతం కాలేజీ కంటే ఎక్కువే. ఎవరికీ ఏదీ విప్పి చెప్పాల్సిన అవసరం మాత్రం లేదు. మాట్లాడక గొంతు తుప్పు పడుతోందని తల్లితో అనేది.

తల్లికి నడుము పట్టేస్తే కొత్త పరుపు కొనాల్సి వచ్చింది. ఏళ్ళ తర్వాత మేడం ఆ దుకాణం మెట్లెక్కింది. తండ్రి పోయాడట. అమ్మాయే నడుపుతోంది. పక్క గది కూడా కలుపుకుంది, ఇద్దరు పనివాళ్ళున్నారు. మేడంని చూసి గబగబా కుర్చీ తుడిచింది.

"మీ లెక్క తప్పలేదు మేడం. మా క్లాసువాళ్ళందరికంటే నాకే ఎక్కువ వస్తోంది" అంది నవ్వుతూ. మేడం కూడా నవ్వడానికి ప్రయత్నించింది.

కొలతలు మాట్లాడుకున్నారు. దూది గట్టిగా ఉండాలా మెత్తగా ఉండాలా అని అమ్మాయి అడిగి, తనే గట్టిది మంచిదని చెప్పింది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"మేడం, ఆ పాఠం తర్వాత ఏం చెప్పారు?"

"ఎవరికి?"

"క్లాసులో. నేను మానేశాక. తర్వాతి పాఠం ఏంటి?"

మేడం నెమ్మదిగా అంది, "తరుగుదల. మిషను లాంటిది కొన్నామనుకో, ఏటేటా దాని విలువ కొంత తగ్గుతుంది. ఆ తగ్గేదాన్ని..."

"ఎందుకు తగ్గించాలి మేడం? మిషను అలాగే తిరుగుతోందిగా?"

మేడం కుర్చీ దగ్గరికి జరుపుకుంది. దూదిని ఏకే మిషను వైపు చెయ్యి చూపించి చెప్పడం మొదలుపెట్టింది. అమ్మాయి మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి వింటోంది.

గుమ్మంలో ఎవరో దిండ్లు కావాలని కేకేశారు. "ఒక్క నిమిషం మేడం" అని అమ్మాయి లేచింది. వాళ్ళ వెనకే ఇంకొకరు, వాళ్ళు వెళ్ళేలోగా మరొకరు. మేడం చాలాసేపు కూర్చుంది. చివరికి లేచి, బేరంలో మునిగిపోయిన అమ్మాయికి చేత్తోనే సైగ చేసి, వీధిలోకి దిగింది.